దారం కట్టిన కొమ్మ

"ఆ ఇంజక్షన్లు దాని ఒంటికి పడతాయో లేదో," అంది తల్లి, గిన్నెలు తోముతూ. పిల్లల కోసం కూతురికి సూదులు మొదలయ్యేది రేపు. తోడుగా ఉండటానికి ఆమె కూతురి అత్తవారింటికి వచ్చింది.

"మీకు ప్రతిదానికీ భయమే వదినగారూ," వియ్యపురాలు హాల్లోంచే అంది. "నేల చవుడైతే మందు వేయక తప్పుతుందా? మా వైపు అందరూ గంపెడు పిల్లల్ని కన్నవాళ్లే."

నేల. పెళ్లయినప్పటి నుంచీ ఆ ఇంట్లో తన కూతురి పేరు అదే. మాత్రలు మింగేది నేల, స్కానింగులకు పరిగెత్తేది నేల, ఉద్యోగం నుంచి వచ్చి వంటింట్లో దూరేదీ నేలే. అల్లుడేమో ఆసుపత్రి మాటెత్తితే చాలు, బండి తాళాలు వెతుక్కుని బయటపడతాడు. మొదట్లో మొహమాటం అనుకుంది తల్లి. ఇప్పుడు అనుకోవడం లేదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె ఎప్పుడూ మేలు దాకా రాలేదు.

మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని కూతురు పనిచేసే పరిశోధనశాలకు వెళ్లింది. కూతురిది ఆవాల మీద పరిశోధన. ఎక్కడెక్కడి రకాలో తెచ్చి, వేడి గదిలో పెంచి, ఏవి తట్టుకుంటాయో చూసి, వాటితో కొత్త రకం తయారుచేయాలి. "అన్నీ ఒకటే రకమైతే ఒక్క ఎండకే అన్నీ పోతాయమ్మా," అంటుంది.

వేడి గది తలుపు తీయగానే సెగ మొహాన కొట్టింది. ఎదురుగా ఒక మొక్క ఒళ్లంతా పూసింది. కనిపించిన కాయలన్నీ తాలు, గింజ లేనివి.

"పాపం, గొడ్డు మొక్క," అనేసి నాలుక కరుచుకుంది తల్లి.

కూతురు నొచ్చుకోలేదు. అదే మొక్కలో దారం కట్టిన కొమ్మను వేలితో ఎత్తి చూపింది. దానికి కాయలు నిండుగా ఉన్నాయి.

"చల్లగదిలో మొక్క పుప్పొడి తెచ్చి దీనికి అద్దాను. ఈ రకంలో వేడికి చచ్చిపోతున్నది పుప్పొడి. పువ్వు బాగానే ఉంది."

"మరి నేను మొక్కనే అన్నానే."

"అందరూ ముందు మొక్కనే అంటారు. మేం రెండు వైపులా చూశాకే చెప్తాం."

తల్లి కూతురి మోచేతి మడతలో రక్తపరీక్షలకు నల్లబడ్డ సూది మచ్చలు చూసింది. "మీ ఆయనకీ పరీక్షలు చేశారా?"

"బాగానే ఉందన్నాడట డాక్టరు."

"నీతోనా?"

"ఆయనతో." కూతురు కొమ్మ వదిలేసింది. తల్లి క్యారియర్ విప్పింది.

సాయంత్రం అందరికీ వడ్డించి, ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడే తల్లి, అల్లుడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బాబూ, మీ సంగతి డాక్టరు ఏం చెప్పాడు?"

"మగవాణ్ణి అడిగే మాటేనా వదినగారూ?" అంది వియ్యపురాలు.

"రేపు సూది దిగేది నా పిల్ల ఒంట్లోకి. అందుకే అడుగుతున్నా."

 కూతురు తలెత్తి భర్తనే చూస్తోంది, వేడి గదిలో మొక్కను చూసినట్టు, తొందరేమీ లేకుండా. అల్లుడు కలిపిన ముద్ద కంచంలో అలాగే ఉంది. అతని వేళ్లకంటిన మెతుకులు ఎండిపోయాయి.

"పెళ్లయిన మరుసటి ఏడే చెప్పాడు అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు చివరికి, కంచంలోకి చూస్తూ. "లోపం నాలోనే అని."