అడ్డుతెర మీద రెండు కళ్ళు

నేను ఒక స్టీలు డబ్బాను. కాఫీ ఫిల్టరు అనుకుని ఇప్పటికి ముగ్గురు ఇల్లాళ్ళు నాలో పొడి పోయబోయారు. నా పని అది కాదు. వెలుగు తగలకుండా ఫిలిం రీలును కడుపులో పెట్టుకుని, పైనుంచి పోసిన డెవలపర్ అనే మందుతో బొమ్మ తేల్చడం నా పని.

నన్ను ఏ ఊళ్ళో సాగగొట్టారో గుర్తులేదు. కళ్ళు తెరిచింది మాత్రం కాకినాడలో, వీర్రాజు గారి స్టూడియోలో. ఆయనకు అన్నీ తొందరే. పెళ్ళయినా, పాస్‌పోర్టు ఫొటో అయినా ఒకటే ఘాటు డెవలపర్ పోసి, మజ్జిగ చిలికినట్టు నన్ను ఊపేసేవారు. బొమ్మలు ఎనిమిది నిమిషాల్లో తేలేవి. తెలుపు సున్నంలా, నలుపు మసిలా ఉండేది. బుగ్గల మీద ఉప్మా రవ్వ చల్లినట్టు గ్రెయిన్ కనిపించేది. జనం దాన్నే చూసి మురిసిపోయి పటాలు కట్టించుకునేవారు. తర్వాత ఫిలిం పోయి ఫోన్లొచ్చాయి. నాలో మెంతులు పోశారు. పదిహేనేళ్ళు వాటి వాసన భరించాను.

చివరికి వీర్రాజు గారు తన దగ్గర ఫొటోలు తీయడం నేర్చుకున్న విశాలకు పెళ్ళి కానుకగా నన్ను ఇచ్చారు. నాతోపాటు ఒక సీసా ఘాటు డెవలపర్ కూడా.

ఆ పిల్ల చేసిన పని వినండి. పెళ్ళిపీటల మీద ఒక చేతిలో జీలకర్ర బెల్లం, రెండో చేతిలో కొంగు చాటున కెమెరా. అడ్డుతెర దించగానే మొదటిసారి కనిపించే పెళ్ళికొడుకు ముఖాన్ని పట్టాలని దాని కోరిక. తీరా ముహూర్తం దగ్గరపడేసరికి కంగారుపడి, కళ్ళు మూసుకుని నొక్కేసింది. రీలులో అదే ఆఖరి బొమ్మ. అప్పుడు తెర దిగిందో లేదో దానికే తెలియదు.

పెళ్ళయిన దగ్గర్నుంచి మొగుడు మురారిని రోజూ అడుగుతూనే ఉంది, తెర దిగకముందు తనను చూశాడా అని. చూడలేదని అతను దాని నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం స్నానాలగది నేల మీద ఇద్దరూ చతికిలబడ్డారు. మధ్యలో ఆ పెళ్ళి రీలును కడుపులో పెట్టుకుని నేను, రెండు సీసాలు. ఒకటి వీర్రాజు గారి ఘాటుది. రెండోది విశాల కొన్నది, చాలా నీళ్ళు కలిపి గంటసేపు కదపకుండా వదిలేయాల్సిన నెమ్మదిది. వీడియో దీపం తెల్లటి తెర మీదే పడిందనీ, తెర వెనక అంతా చీకటేననీ చెప్పింది. ఘాటుది పోస్తే తెలుపు మండిపోతుందనీ, నీడలో ఉన్నది నల్లగానే మిగిలిపోతుందనీ, నెమ్మదిదైతే రెండూ తేలతాయనీ వివరించింది.

చిత్రంగా, ఆ మాట విన్నాకే మురారికి ఘాటుదాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"కాంట్రాస్ట్ లేకపోతే అదేం ఫొటో? వీర్రాజు గారికి తెలీదా?" అన్నాడు.

"ఆయన నన్ను చిన్నప్పుడు తీసిన ఫొటోలో నాకు ముక్కే లేదండీ," అంది విశాల. నెమ్మదిది కలిపి నాలో పోసింది.

ఊపించుకుని బతికినదాన్ని, ఆ గంట నాకు గండంలా గడిచింది. లోపల ఫిలిం నానుతోంది, బొమ్మ ఎక్కుతోందో లేదో నాకూ తెలియడం లేదు. బయట విశాల రెండుసార్లు నా మీద చెయ్యి వేసి తీసేసింది. ఆఖరికి రెండు చేతులూ కింద పెట్టి వాటి మీదే కూర్చుంది. మురారి లేచాడు, కారుతున్న కుళాయి కట్టేశాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఒక్కసారి ఊపుదామా?"

"ముట్టుకుంటే మీతో రెండు రోజులు మాట్లాడను."

గంట అయింది. డెవలపర్ పారబోసి, బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే హైపో పోసి, కడిగి ఫిలిం బయటికి లాగింది. ఆఖరి బొమ్మను కిటికీ వెలుగుకు పట్టి, ఫోనుతో ఫొటో తీసి, అందులో తెలుపు నలుపులు తిరగేసి చూసింది.

తెర దిగలేదు. దాని నేత మడతలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. దాని అంచు పైన, తలపాగా నీడలో, బాసికం కింద రెండు కళ్ళు. మెడ సాచి తొంగిచూసిన దొంగ కళ్ళు.

విశాల ఫోను అతని ముందు పెట్టింది.

మురారి చెవులు ఎర్రబడ్డాయి. "పంతులు గారు ఇంకా మంత్రాలు చదువుతూనే ఉన్నారు," అన్నాడు మెల్లగా. "ఎంతసేపని ఆగను?"

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక నన్ను పట్టుకుని గబగబా ఊపేసింది. అప్పటికి నేను ఖాళీ.

ఆ బొమ్మ ఇప్పుడు ముందుగది గోడ మీద ఉంది. ఘాటు డెవలపర్ సీసా మూత తీయకుండా అలమరలో నా పక్కనే ఉంది. దాన్నే పోయమని మురారి ఎందుకంత పట్టుబట్టాడో నాకు తెలుసు. విశాలకు చెప్పేదాన్నే. కానీ కడిగి ఆరబెట్టగానే నాకు మూత పెట్టేసింది.