నీళ్లు వదిలే రాజలింగు

ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని మూడో చుట్టు తిప్పేసరికి గుంటలోని వాల్వు తెరుచుకుని నీళ్లు బుసకొట్టాయి. రాజలింగు నడుము నిటారు చేసి వీధి వైపు చూశాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ చప్పుడు వినగానే తార్నాకలో బిందెలు మోగేవి. వంతుల కోసం ఆడవాళ్లు అరుచుకునేవారు. ఈ ఉదయం ఒక్క తలుపూ తెరుచుకోలేదు. వీధి నల్లాల నీళ్లు ముగ్గులను చెరుపుకుంటూ మోరీలోకి పోతున్నాయి. కిటికీ సందుల్లో కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

అది తొంభైవ సంవత్సరం డిసెంబరు. పాతబస్తీలో మత కలహాలు, కర్ఫ్యూ. నీళ్లలో విషం కలిపారన్న మాట రాత్రికి రాత్రే ఇక్కడిదాకా పాకింది. కలిపింది యూనివర్సిటీ గుట్ట మీది ట్యాంకులో రోజూ బ్లీచింగ్ వేసే చాంద్‌పాషా అట. అతని ఇల్లు ఈ వీధి చివరే. దాని ముందు పదిమంది కర్రలతో నిలబడి ఉన్నారు. లోపల అతనూ, భార్యా, ముగ్గురు పిల్లలూ.

రాజలింగు మొదటి నల్లా కింద దోసిలి పట్టి, అందరికీ కనిపించేలా తాగాడు.

"ఏం రాజలింగూ, నీ దోస్తు కలిపిన షర్బత్ ఎట్లున్నదే?" గుంపులోంచి ఎంకన్న అరిచాడు.

"బ్లీచింగ్ వాసనొస్తున్నదే. నీకు గూడ ఒక గిలాస నింపాల్నా?"

"పొద్దుగూకే దాక నిలబడు, అప్పుడు తాగుత. నువ్వు పడ్డవనుకో, గా ఇల్లు ఉండదు."

రాజలింగు తలూపి రెండో నల్లాకు నడిచాడు. మూడు వారాలుగా ఛాతీలో వచ్చిపోతున్న నొప్పి సంగతి భార్య శివమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడది వచ్చింది గానీ పోవడం లేదు. 'స్వామీ, ఈ ఒక్క పొద్దు నిలబెట్టు. రేపు నీ ఇష్టం' అనుకున్నాడు. మూడో నల్లా దగ్గర కూడా తాగాడు. నాలుగో నల్లా దగ్గర ఎడమ చెయ్యి పైకి లేవలేదు. కుడిచేత్తోనే తాగాడు.

ఎదురింటి శ్యామలాంబ తలుపు ఓరగా తీసింది. యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి రిటైరైన కడప మనిషి.

"ఏమప్పా, ఇంత చలిలో ఈ చెమటలేంటికి?"

"అమ్మా, లోపలికి రానియ్యి. నేను గీడ పడొద్దు."

ఎవరినీ పట్టుకోకుండా, నవ్వుతూ అయిదు మెట్లూ ఎక్కి, తడి చెప్పులు పై మెట్టు మీద విడిచాడు. తలుపు మూసుకున్నాక చాప మీద ఒరిగాడు.

"గుండె నొప్పమ్మా. నీళ్లది కాదు. శివమ్మకెరుకే."

ఆమె క్యాంపస్ డాక్టరుకు ఫోన్ చేసి వచ్చేసరికి అతనికి డాక్టరుతో పని లేకపోయింది.

డాక్టరు పెరటి గేటు నుంచి వచ్చాడు. శ్యామలాంబ ఫోన్లో చెప్పినట్టే, వస్తూ శివమ్మను స్కూటరు మీద తీసుకొచ్చాడు. గుండెపోటని కాగితం రాసి, తన చేతిలోనే ఉంచుకున్నాడు.

"దీన్ని ఆ కర్రలవాళ్లు చదువుతారామ్మా? పోలీసులు సాయంత్రానికి గానీ రాలేమన్నారు."

శివమ్మ భర్త తల దగ్గర కూర్చుంది. ఏడవడానికి నోరు తెరిచి, వీధి చివర కర్రల చప్పుడు విని, కొంగు నోట్లో కుక్కుకుంది.

శ్యామలాంబ చెంబు పట్టుకుని బయటికి నడిచింది. నల్లా కింద నింపి గటగటా తాగింది.

"ఏమే, ఎంతసేపు దాక్కుంటారు? రాజలింగు మా ఇంట్లో బువ్వ తింటాండాడు. రాండి, నీళ్లు పోతాండాయి!"

ఆ అబద్ధం పాపమో కాదో దేవుడే చెప్పాలి. ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. ఆడవాళ్లు ఒకరి ముందు ఒకరు తాగారు. ఒకామె బిందె నింపి, ఎంకన్న పక్కనుంచే వెళ్లి చాంద్‌పాషా గడపలో దించింది. వంతుల గొడవ మళ్లీ మొదలైంది. లోపల, చాప పక్కన, శివమ్మ ఆ అరుపులన్నీ వింటూ మధ్యాహ్నమంతా కదలకుండా కూర్చుంది. మూసిన గదిలో తోలడానికి ఈగ కూడా లేదు.

పొద్దుగూకాక పోలీసు జీపు వచ్చింది. కర్రలు పోయాయి. పోయేముందు ఎంకన్న కూడా నల్లా దగ్గర వంగి తాగాడు.

"ఇంక ఏడువమ్మా," అంది శ్యామలాంబ.

శివమ్మ కొంగు తీసి నోరు తెరిచింది. శబ్దం రాలేదు.

బయట పై మెట్టు మీద రాజలింగు చెప్పులు ఉన్నాయి. అతను లోపల ఉన్నాడని రోజంతా వాటిని చూసి వీధి ధైర్యంగా నీళ్లు తాగింది. మడమల కింద అరిగిన పల్లాల్లో కాసిని నీళ్లు, ఇంకా ఆరకుండా.