చివరి బస్సు రద్దు

"బావా, ఈ ఒక్క పూట నోటికి తాళం వేసుకో," అన్నాడు బావమరిది, కోర్టు వరండాలో నిలబడి నల్లకోటు మోచేతికి అంటిన సున్నం దులుపుకుంటూ. "పిలిస్తే చెయ్యెత్తు. ఏదైనా అడిగితే నా వైపు చూడు. మాటలన్నీ నావి."

"మూగవాడినని అనుకుంటారేమోరా."

"అనుకోనీ. నీ అందం చూసి నిన్నెవరూ గుర్తుపట్టరు. భయమంతా నీ గొంతుతోనే."

పక్కన నిలబడ్డ అక్క, అంటే ఆయన భార్య, నవ్వలేదు. కేసు మొదలైన దగ్గర్నుంచీ ఆవిడ ఆయనతో గిన్నెల చప్పుడుతోనే మాట్లాడుతోంది. కంచం నెమ్మదిగా పెట్టిందంటే ఆ రోజు కాస్త నయం అని అర్థం.

బస్టాండులో ఆయన్ని అందరూ 'మైకు' అంటారు. ఏ బస్సు ఎక్కడ నిలబడిందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పడమే ఆయన పని. రికార్డుల్లో మాత్రం పార్సిల్ గుమాస్తా. మైకులో మాట్లాడేవాడికంటూ అక్కడ ఉద్యోగమే లేదు. ఎప్పుడో ఒకరోజు ఆ కుర్చీ ఖాళీగా ఉంటే "నువ్వు కాసేపు కూర్చో" అన్నారు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. ఆయన మొహం ఎరిగినవాళ్ళు తక్కువ, గొంతు ఎరగనివాళ్ళు ఊళ్ళో లేరు.

టికెట్ల కౌంటరు పెద్దాయన రిటైరైన రోజున ఈయనతో కలిపి నలుగురు స్నేహితులు బారులో తాగారు. మూడో గ్లాసు దగ్గర ఎవరో అన్నారు, "మైకు తీసేస్తే నీ మాట నీ పెళ్ళాం కూడా వినదురా" అని. ఆ మాట ఆయనకు తగలరాని చోట తగిలింది. లేచి, తూలుతూ బారు మెట్ల మీదికి వచ్చాడు. రోడ్డుకు అవతల చీకట్లో బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కనిపించారు. గొంతు సవరించుకున్నాడు.

"ప్రయాణికులకు మనవి. చివరి బస్సు రద్దయినది."

అంతే. స్టాపులో ఉన్నవాళ్ళంతా సంచులు సర్దుకుని నడక మొదలుపెట్టారు. లోపల స్నేహితులు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఈయన గెలిచినవాడిలా మళ్ళీ మళ్ళీ అరిచాడు. కాసేపటికి బస్సు వచ్చి, ఎక్కేవాళ్ళెవరూ లేక ఖాళీగా వెళ్ళిపోయింది. నడిచి వెళ్ళినవాళ్ళలో ఒక ఆసుపత్రి ఆయా, రోడ్డు పక్కన తవ్విన గుంతలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పోలీసులు వచ్చేసరికి స్నేహితులు తలో దిక్కు పోయారు. ఈయన మెట్ల దగ్గర స్తంభాన్ని కావలించుకుని కూర్చుని దొరికాడు.

తాగి రోడ్డున పడ్డందుకు చిన్న జరిమానాతో పోతుంది. అరిచి జనాన్ని ఇబ్బంది పెట్టాడని రుజువైతే మాత్రం ఇక డ్యూటీకి రానక్కర్లేదని బస్టాండు మేనేజరు మొహం మీదే చెప్పేశాడు. అయితే అరుస్తుండగా చూసినవాళ్ళు లేరు. బారు దగ్గరున్నది నలుగురు, అరిచింది వాళ్ళలో ఎవరైనా కావచ్చు. విన్నవాళ్ళు విన్నది గొంతునే. బావమరిది ఆశంతా అక్కడే ఉంది.

అక్కాతమ్ముళ్ళు కాగితాల నకళ్ళు తీయించడానికి వీధిలోకి వెళ్ళారు. వరండాలో బల్ల మీద ఆయన ఒక్కడే మిగిలాడు. పైన ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కిందికి దిగడం లేదు. అంతలో ఒకావిడ వచ్చి ఆయన పక్కన కూలబడింది. కుడిచేతికి కట్టు, ఆ కట్టును మెడకు వేలాడదీసిన పాత చున్నీ.

"రెండో నంబరు హాలు ఇదేనా తమ్ముడూ?"

కట్టు చూసి ఆవిడెవరో ఆయనకు తెలిసిపోయింది. తల ఊపాడు.

"నువ్వూ సాక్షివేనా? ఎంతసేపట్నుంచి కూర్చున్నావు?"

ఆయన చెయ్యి దానంతటదే గొంతు దగ్గరికి వెళ్ళింది.

"అయ్యో, మాట రాదా," అంది ఆవిడ. "పోనీలే, నయం. మాటొచ్చినవాళ్ళు ఈ లోకాన్ని ఉద్ధరించింది కూడా ఏం లేదు."

సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చింది. ఆయన మూత తీసి ఇచ్చాడు. మూగవాడి దగ్గర దాచేదేముందని కాబోలు, ఆవిడ మనసు విప్పింది.

"రోగుల్ని లేపి కూర్చోబెట్టడం నా పని. ఇప్పుడు ఒంటిచేత్తో దుప్పట్లు మడతపెడుతున్నాను. నొప్పి అంటావా, అలవాటైపోయింది. నవ్వులే భరించలేకపోతున్నాను."

ఆయన ఆవిడ వైపు చూశాడు.

"ఆ రోజు స్టాపులో కుర్రాళ్ళు చెప్పారు, ఎవడో తాగుబోతు వాగుతున్నాడు, కదలకండి అని. నేనే వినలేదు. 'ఆ గొంతు నాకు తెలుసు, బస్టాండాయనది, ఆయన అబద్ధం చెప్పడు, పదండి' అని అందర్నీ నేనే లేపి నడిపించాను. కాస్త దూరం పోయామో లేదో, బస్సు మా పక్కనుంచే పోయింది. అప్పట్నుంచీ నన్ను చెవిటి మాలోకం అంటున్నారు. నా కోడలు కూడా నవ్వుతోంది." కట్టును ఒళ్ళో సర్దుకుంది. "జరిమానాలు, శిక్షలు నాకెందుకు? ఆ గొంతు ఆయనదో కాదో తెలిస్తే చాలు. కాదంటే ఇక నా చెవుల్ని నేనే నమ్మను."

అంతలో బంట్రోతు కేసు పిలిచాడు.

ముందుగా ఆయాతో కలిసి నడిచిన ఇద్దరు ఆడవాళ్ళు సాక్ష్యం చెప్పారు. మాకేం తెలియదు, ఆవిడ చెప్తే నడిచాం అన్నారు. వెనక బల్లకు వెళ్ళి కూర్చున్నారు. తరవాత ఆయా బోనెక్కింది.

"మనిషిని చూశారా?" అన్నాడు బావమరిది.

"లేదయ్యా. చీకటి."

"గొంతు మాత్రం గుర్తుపట్టారు. రోడ్డుకు అవతలి నుంచి. మీ చెవులు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

మేజిస్ట్రేటు కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకుని, ఎదుటి బోను వైపు చూపించి అడిగారు, "ఆ గొంతు ఈయనదేనా?"

ఆయా తిరిగి చూసింది. మొహంలో ఆశ్చర్యం, ఆ వెంటనే జాలి.

"అయ్యో, ఈయన కాదయ్యా. పొరపాటున ఎవర్నో పట్టుకొచ్చారు. ఈయనకు మాటే రాదు. పాపం, ఇందాకట్నుంచీ నా పక్కనే కూర్చున్నాడు."

మేజిస్ట్రేటు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "ఏమండీ వకీలుగారూ, మీ మనిషికి మాట రాదా?"

బావమరిది అవుననలేదు, కాదనలేదు. కాగితాలు తిరగేశాడు. "ఆయన పార్సిల్ గుమాస్తా అండి," అన్నాడు చివరికి. "ఆయన పని మూటలతో."

వెనక బల్ల మీద ఇద్దరూ మోచేతులతో పొడుచుకున్నారు. "విన్నావా, దీని చెవుల సంగతి," అన్న మాట బోను దాకా వినిపించింది. ఆయా తల వంచుకుంది. ఆ వరసలోనే చివర కూర్చున్న భార్య కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. ఇన్నాళ్ళుగా బిగబట్టి ఉన్న ఆవిడ భుజాలు కిందికి దిగాయి. ఆయన రెండూ చూశాడు.

ఇక ఏమీ చెయ్యనక్కర్లేదు. నిలబడి ఉంటే చాలు. కానీ ఒళ్ళంతా నీరసం కమ్మింది. ఇంటికి వెళ్ళాక కూడా, రేపు మైకు ముందు కూర్చున్నాక కూడా, ఈ మూగతనాన్ని మొయ్యాలి. అది తన వల్ల అయ్యే పనిగా తోచలేదు. ధైర్యం వచ్చి కాదు, ఓపిక అయిపోయి నోరు తెరిచాడు.

"నాకు మాటొస్తుందమ్మా."

మెల్లగానే అన్నాడు. అయినా ఆ గొంతు తలుపు బయట ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది.

"బస్సు రద్దయిందని ఆ రోజు అరిచింది నేనే. మీరు సరిగ్గానే విన్నారు."

బావమరిది పెన్ను బల్ల మీద పడేశాడు. ఆయా చాలాసేపు ఆయన్నే చూసింది. తరవాత వెనక బల్ల వైపు తిరిగింది.

"విన్నారా?" అంది. "ఇదే."

వాళ్ళిద్దరూ కిటికీ వైపు చూడసాగారు. ఆయా మళ్ళీ ఈయన వైపు తిరిగింది. గొంతులో ఇందాకటి జాలి లేదు. "అంతసేపు నా గోడు మొత్తం విన్నావు. అప్పుడు పెగల్లేదా నోరు?"

బోను దిగి, విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఆవిడ మరి ఆయన వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

జరిమానా వేశారు. ఆవిడ వైద్యం ఖర్చు కట్టమన్నారు. బస్టాండుకు కాగితం వెళుతుందన్నారు.

మెట్లు దిగుతూ బావమరిది అన్నాడు, "అక్కా, నన్నేం అనకు. కేసు నేను గెలిచాను. ఓడింది బావ."

"నిన్నెవరన్నారు," అంది భార్య.

బావమరిది మరో కేసుందని వెనక్కి వెళ్ళాడు. ఇద్దరూ ఎండలో గోడ వారగా నడిచారు. ఇప్పుడు మోగించడానికి ఆవిడ చేతిలో గిన్నె కూడా లేదు.

"రేపు పొద్దున ఎన్నింటికి లేపమంటారు?" అంది చివరికి.

"లేపకు," అన్నాడు.

"సరే, పడుకోండి," అంది ఆవిడ. "ఎల్లుండి మాత్రం లేపుతాను. పని వెతుక్కోవాలిగా."