రెండు కార్డులు, ఒక కిటికీ

పదకొండో రౌండు మలుపులో మూడు తెరలూ ఒక్కసారిగా నల్లబడిపోయాయి. ఓబయ్య చేతిలో స్టీరింగు ఉంది, కుడికాలి కింద బ్రేకు ఉంది, ముందర రోడ్డు మాత్రం లేదు!

"థూ! ఇది నాలుగోసారి పాపా. ఈ డబ్బాను ఎత్తకపోయి పెన్నలో పారేస్తా చూడు, ఏట్లో!"

కూతురు తిరుపాలమ్మ పరిగెత్తుకొచ్చి కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి తీసేసింది. "తొంభై ఎనిమిది డిగ్రీలు ఎక్కింది నాయనా. పై కార్డు ఉడికిపోతాంది. అది కాలిపోకుండా మిషనే ఆగిపోతాంది."

"రేపు గూడ ఇట్లనే ఆగిపోతే?"

రేపు ఆగిపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు.

జమ్మలమడుగులో డ్రైవర్ ఓబయ్య అంటే ఒకప్పుడు చిన్న పేరు కాదు. ఆ ఊరి వర్గం నాయకుడు పెద్దాయన ఏ పార్టీలో ఉన్నా, ఏ ఎలక్షనైనా, ఆయన సుమో స్టీరింగు ఓబయ్యదే. ఒకసారి ముద్దనూరు నుంచి అవతలి వర్గం బండి వెంటపడితే ఆ గుంతల రోడ్డు మీద పెద్దాయనను ప్రాణాలతో ఊరు చేర్చాడు. అవతలి బండి తోలినవాడు పులివెందుల సర్దార్. దారిలో సర్దార్ బండి టైరు పగిలింది. అదిగో, ఆ టైరే ఓబయ్య కొంప ముంచింది. "టైరు పగలకపోయుంటే ఓబయ్య ఆ పొద్దే దొరికిపోయుండు" అని పద్నాలుగేళ్ళుగా టీ అంగళ్ళలో చెప్పుకుంటూనే ఉన్నారు. కాదని నిరూపించడానికి ఓబయ్యకు కాలు ఉండొద్దూ? అది జరిగిన నెలలోపే ఒక సాయంత్రం సందు వైపు కిటికీలోంచి బాంబు వచ్చి పడింది. ఎడమకాలు మోకాలి దాకా పోయింది. క్లచ్చు తొక్కే కాలు!

ఆసుపత్రి నుంచి వచ్చి అతను చేసిన మొదటి పని, నేల మీద కూర్చుని ఆ కిటికీని తన చేతులతోనే ఇటుకలు పెట్టి పూడ్చేయడం. ఆ తర్వాత స్టీరింగు ముట్టలేదు.

ముట్టించింది తిరుపాలమ్మే. ప్రొద్దుటూరులో కంప్యూటర్ల షాపులో పనిచేస్తూ, రెండేళ్ళ పాటు ఒక్కొక్క సామానే పోగేసి ఈ బండ్ల పందెం ఆట మిషన్ను తన చేత్తో బిగించింది. ముందొక తెర, రెండు పక్కలా రెండు తెరలు. కూర్చుంటే అచ్చం బండిలో కూర్చున్నట్టే ఉంటుంది. అన్ని బొమ్మలు అంత వేగంగా గీయాలంటే ఒక గ్రాఫిక్స్ కార్డు చాలదని రెండు పెట్టింది. గేర్లు స్టీరింగు వెనక వేళ్ళతోనే మార్చుకోవచ్చు, క్లచ్చుతో పనే లేదు. పాత ఇనుము అంగట్లో దొరికిన సుమో సీటును తెచ్చి నేలలో సిమెంటు పోసి పాతించింది. మొదటిసారి అందులో కూర్చున్న రోజు ఓబయ్య ఏడ్చాడు. అడిగితే ఒప్పుకోడనుకోండి.

ఆ కబురు పులివెందుల దాకా పాకింది. సర్దార్ మేనల్లుడికి అక్కడ నెట్ సెంటర్ ఉంది, ఎవరి ఊళ్ళో వాళ్ళుండే ఆ పందెం ఆడొచ్చు. "రేపు పన్నెండింటికి పోయే కరెంటు మధ్యాన్నం రెండింటికొచ్చి ఐదింటి దాకా ఉంటాది. ఇరవై రౌండ్లు తోల్దామా? ఈడ టైర్లు పగలవులే" అని సర్దార్ ఫోన్ చేశాడు. పద్నాలుగేళ్ళకు వచ్చిన అవకాశం! మధ్యలో మిషన్ ఆగిపోయిందా, ఈసారి మిషన్ పేరు చెప్పుకుని తప్పించుకున్నాడంటారు. ఇక చచ్చేదాకా ఆ మాట పడాల్సిందే.

అందుకే మర్నాడు తెల్లవారగానే కూతురు లేచేలోపు ఓబయ్య తన వైద్యం తాను చేశాడు. వెనకటికి జీపులో పెట్రోలు పంపు వేడెక్కితే తడిగుడ్డ చుట్టేవాడు, బండి బుద్ధిగా లేచేది. అదే లెక్కన గోనెపట్ట తడిపి, బాగా పిండి, కంప్యూటర్ పెట్టెకు పసిబిడ్డకు చుట్టినట్టు చుట్టాడు. ఆట మొదలుపెట్టాడు. మూడు రౌండ్లు తిరిగాయో లేదో, తెరలు టప్పున ఆరిపోయాయి.

"నాయనా! గాలి పోయే బెజ్జాలన్నీ మూసి పెడితివి గదా!" తిరుపాలమ్మ తల పట్టుకుంది.

"నాకేం తెల్సు? చల్లగుంటాదని చుడితి."

ఇక లాభం లేదని ఆమె నూరుల్లాకు ఫోన్ కొట్టింది. నూరుల్లా కువైట్‌లో ఏడేళ్ళు ఏసీలు బిగించి వచ్చినవాడు. వచ్చీ రాగానే పెట్టె మూత తీసి, కార్డుల మధ్య వేలు పెట్టి చూశాడు. వేలు పట్టలేదు.

"ఇంత దగ్గర పెడితే ఎట్లమ్మే? కిందిది వదిలిన వేడి గాలే పైది పీలుస్తాంది. ఇంగ యాడ చల్లబడతాది?"

తిరుపాలమ్మ నాలిక్కరుచుకుంది. కింది కార్డును ఇంకా కిందనున్న గాడిలోకి మార్చి, రెంటికీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఇచ్చింది. నూరుల్లా బ్లోయరు పెట్టి దుమ్మంతా ఊదాడు. ముందు ఫ్యాన్లు గాలి లోపలికి లాగేటట్టు, వెనక ఫ్యాను బయటికి తోసేటట్టు తిప్పి బిగించారు. ఓబయ్య ఎనిమిది రౌండ్లు తోలాడు. ఎనభై మూడు! ముగ్గురూ ఒక్కసారే "అబ్బ!" అన్నారు. పదో రౌండుకు ఎనభై తొమ్మిది. పన్నెండుకు తొంభై నాలుగు.

ఓబయ్య ముఖం వాడిపోయింది. నూరుల్లా గది నాలుగు వైపులా చూశాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"మామా, పెట్టెలో వేడి గదిలోకొస్తాంది. మరి గదిలో వేడి యాడికి పోవల్ల? బయట నలభై మూడుంటే ఈడ నలభై ఎనిమిదుండాది. ఆ కిటికీ తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టల్ల. వేరే దారి లేదు."



"కిటికీ జోలికి మాత్రం పోవాకండి" అన్నాడు ఓబయ్య. "ఆట లేకపోతే పాయ."

సరిగ్గా అప్పుడే సందులో మైకు బండి పోయింది. ఉపఎన్నికల కాలం. తిరుపాలమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఇన్యావా? నిన్న మీ పెద్దాయన, అవతలి పెద్దాయన ఒకే జీపెక్కి, ఒకే కండువా కప్పుకోని, చేతులూపుకుంటా పాయిరి! కొట్లాడినోళ్ళు కలిసిపాయిరి, ఓట్లు గూడ కలిపి అడుగుతాండారు. కాలు పోగొట్టుకున్నోనివి నువ్వొక్కనివే ఈ చీకటి గదిలో మగ్గుతాండావు. ఎవరికోసరం నాయనా?"

ఓబయ్య ఆ ఇటుకల వైపు చూశాడు. సున్నం సరిగా పూయని గోడ. తన చేతి పనే. భయంతో చేసిన పని వంకరగానే ఉంటుంది కదా. తర్వాత చంకకర్ర ఆనించుకుని లేచాడు.

"గడ్డపార యాడ పెడితివి?"

"నేను కొడతాలే మామా" అని నూరుల్లా ముందుకొచ్చాడు.

"పూడ్చింది నేను. తీసేది గూడ నేనే. పక్కకు జరుగు!"

మొదటి దెబ్బకు పెళ్ళ రాలింది. నాలుగో దెబ్బకు ఇటుక అవతలికి పడి, పద్నాలుగేళ్ళ తర్వాత సందులో వెలుతురు గదిలోకి వచ్చింది. ఓబయ్య ఆపలేదు. మిగతావి ముగ్గురూ కలిసి పీకేశారు. నూరుల్లా చెక్క అడ్డం కొట్టి ఫ్యాన్ బిగించాడు. పొద్దున్నే పరువు పోగొట్టుకున్న ఆ గోనెపట్టనే మళ్ళీ తడిపి వంటింటి వాకిలికి వేలాడదీశాడు.

"ఇది ఉండాల్సింది ఈడ మామా, పెట్టె మీద గాదు. తడి మీదుగా సల్లగాలి లోపలికొస్తాది, వేడి అట్ల బయటికి పోతాది."

రెండు కొట్టింది. కరెంటు మళ్ళీ వచ్చింది. ఓబయ్య చెవులకు మైకున్న ఇయర్‌ఫోన్ తగిలించుకుని సుమో సీట్లో కూర్చున్నాడు.

"ఏమప్పా ఓబయ్యా, సిద్ధమా?" సర్దార్ గొంతు. ముసలిదైపోయింది ఆ గొంతు కూడా.

బండ్లు లేచాయి! మొదటి మలుపుకే సర్దార్ ముందుకు దూకాడు. ఓబయ్య పళ్ళు బిగించి వెంటపడ్డాడు. వేళ్ళు గేర్లు వేస్తుంటే లేని ఎడమకాలు క్లచ్చు కోసం వెతుక్కుంటోంది. ఐదో రౌండు, ఎనిమిదో రౌండు. తిరుపాలమ్మ గోళ్ళు కొరుక్కుంటూ నంబరు చదువుతోంది. "డెబ్బై ఆరు. డెబ్బై తొమ్మిది. ఎనభై." పదకొండో రౌండు మలుపు వచ్చింది. తెరలు వెలుగుతూనే ఉన్నాయి.

"ఎనభై ఒకటి! నిలబడింది నాయనా, ఆడ్నే నిలబడింది!"

సందులో ఎవరో పిల్లోడు సైకిల్ గంట కొట్టుకుంటూ పోయాడు. ఆ చప్పుడు సర్దార్‌కు కూడా వినిపించింది.

"ఓబయ్యా... ఆ పూడ్సిన కిటికీ తెరిసినావా ఏంది?"

"తెరిస్తి."

సర్దార్ ఇంకో మలుపు తిప్పి అన్నాడు. "నీకొగటి చెప్పల్ల. ఆ పొద్దు మీ సందులోకొచ్చిన బండి తోలింది నేనే."

తిరుపాలమ్మ చెవికి ఆ మాట అందలేదు. తండ్రి పిడికిళ్ళు తెల్లబడడం మాత్రం చూసింది. బండి రోడ్డు అంచు దాటి మట్టిలోకి జారి, మళ్ళీ రోడ్డెక్కింది.

"తెల్సు" అన్నాడు ఓబయ్య.

"తెల్సా?"

"మూడో గేరు నించి రెండుకు నువ్వు దించే తీరు ఈ జిల్లాలో ఇంగొకనికి రాదు సర్దారూ. కిటికీలోంచి బాంబు కంటే ముందు ఆ చప్పుడే వింటి. ఇప్పుడు రోడ్డు చూసి తోలు."

సర్దార్ గేరు మార్చాడు. తోలాడు. అబ్బో, ఎలా తోలాడని! పంతొమ్మిదో రౌండు దాకా అంగుళం సందివ్వలేదు. ఆఖరి మలుపులో సర్దార్ లోపలి అంచు పట్టుకుంటాడని ఓబయ్యకు ముద్దనూరు రోడ్డు నాడే తెలుసు. బ్రేకు ఒక్క క్షణం ఆలస్యంగా తొక్కి, బయటి నుంచి తిప్పి, బండి మూతి ముందుకు పెట్టాడు. అంతే! గీత దాటేశాడు!

నూరుల్లా ఎగిరి గంతేశాడు. తిరుపాలమ్మ తండ్రి మెడ వాటేసుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా అరిచింది. ఎనభై రెండు డిగ్రీలు!

"ఈసారి టైరు పగల్లేదప్పా" అన్నాడు సర్దార్ మెల్లగా. "నువ్వే మేలు. పొద్దున టీ అంగడికి పోయి నేనే చెప్తా."

ఓబయ్య ముఖం తుడుచుకున్నాడు. ఈ మాట కోసమే పద్నాలుగేళ్ళు ఎదురుచూశాడు. తీరా విన్నాక, చెప్పాల్సింది వేరే ఉందనిపించింది.

"ఆ మాట అంగట్లో చెప్పే పన్లే. జమ్మలమడుగు రా. ఇంగోసారి తోల్దాం. ఇల్లు నీకు తెల్సు గదా."

అవతల ఇంజన్ మోత ఆగింది. "తెల్సు."

"కిటికీ తెరిసే ఉంటాది. ఈసారి వాకిట్లోంచి రా."