ద్వారబంధం మీద కేసు

"తలుపు తీస్తావా, పగలగొట్టాల్నా?"

బయటి నుంచి మూడోసారి తన్నాడు బసన్న. లోపల తలుపుకు వీపు ఆనించి కూర్చున్న హులిగమ్మకు ఆ తన్ను వెన్నులో దిగింది. నుదుటి గాయాన్ని చెంగుతో అదిమి పట్టుకుంది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. రక్తం చూసి కళ్ళు తిరిగే బాధ లేదు, అదొక్కటే నయం.

ఎమ్మిగనూరులో ఆ వీధిలో ఇంటికో మగ్గం. ఈ మగ్గం గదిలోనే పదకొండేళ్ళుగా ఆమె నూలు కండెలు చుడుతోంది.

"తియ్యొద్దు హులిగమ్మా!" పక్కింటి హసన్‌బీ గోడ మీంచి అరిచింది. "పోలీసులకు ఫోన్ చేసినా!"

"మా ఇంటి సంగతి నీకెందుకక్కా?" కసిరాడు బసన్న.

"మీ ఇంటి సప్పుడు మా ఇంట్లో పడతాంది కదప్పా. టీవీ కూడా ఇననీయవు!"

ఇంతలో స్కూటీ వచ్చి ఆగింది. "నేను కానిస్టేబుల్ అరుణ. ఏమైంది ఈడ?"

బసన్న గొంతు ఒక్కసారిగా బెల్లం పాకమైంది. "ఏం లే మేడం. నా పెండ్లాం. కండ్లు లేవు కదా, ద్వారబంధానికి తల కొట్టుకునింది."

హులిగమ్మ తలుపుకు చెవి ఆనించింది. కిందటిసారి వచ్చిన పోలీసులు 'పడిపోయింది' అని రాసుకుని పోయారు. వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో, ఆమె పన్ను ఊడింది. ఈమె కూడా అట్లాగే పోతే?

"ఆ మధ్య చెయ్యి విరిగిందంట?" హసన్‌బీ ఫోన్‌లో చెప్పినవి గుర్తుపెట్టుకుని అరుణ అడిగింది.

"అది రోలు మేడం."

"పన్ను?"

"మంచం కోడు."

"అబ్బో, ముగ్గురు ముద్దాయిలు!" కాగితం చప్పుడైంది. "ఏ-1 ద్వారబంధం, ఏ-2 రోలు, ఏ-3 మంచం కోడు. బసన్నా, రోలును స్టేషన్‌కు నువ్వు మోసుకొస్తావా, అదే నడిచొస్తుందా?"

వీధి వీధంతా పకపకా నవ్వింది. ఆ నవ్వు వినే హులిగమ్మ గడియ తీసింది.

"అమ్మా, మంచినీళ్ళు ఇస్తావా?" అంది అరుణ.

హులిగమ్మ కదిలింది. కండెల బుట్ట దాటింది, రోలు పక్కనుంచి తిరిగింది, మంచానికి చీర అంచు కూడా తగలకుండా వంటింట్లోకి పోయి, నిండు చెంబుతో వచ్చింది. చుక్క తొణకలేదు.

"అట్ల కాదు మేడం, దానికి అలవాటు..." అంటూ కంగారుగా ముందుకొచ్చిన బసన్న తల ద్వారబంధానికి టంగుమని కొట్టుకుంది.

"చూసినావా, ఏ-1కు ఎంత పొగరో!" అంది హసన్‌బీ.

అరుణ మాత్రం నవ్వలేదు. "ఇప్పుడు చెప్పమ్మా. నిన్ను కొట్టింది ఎవరు?"

"మా ఇంటాయన."

"పేరు?"

హులిగమ్మ నోరు మూతపడింది. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తరిగిపోతుందని అత్త చెప్పింది. రేషన్ ఆఫీసులోనూ, ఆస్పత్రిలోనూ ఆ పేరు ఆమె బదులు హసన్‌బీయే చెప్పేది. ఇప్పుడూ హసన్‌బీ నోరు తెరిచింది.

"నువ్వాగు పెద్దమ్మా," అంది అరుణ. "ఆమె నోట రావాల. లేకుంటే రేపు కోర్టులో మనమే అల్లినామంటాడు."

బసన్నకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "రాసుకోండి మేడం, 'ఇంటాయన' అని! ఈ వీధిలో యాభైమంది ఇంటాయనలుండారు, వెదుక్కోండి. అది నా పేరు పలకదు. సచ్చినా పలకదు!"

సచ్చినా.

ఆ మాట దగ్గర హులిగమ్మ ఆగింది. పలికితే అతని ఆయుష్షు తరుగుతుందో లేదో ఎవరికి తెలుసు? పలకకుండా ఉన్న ఈ పదకొండేళ్ళలో తరిగింది మాత్రం తనది. చెంబు కింద పెట్టింది. అతని ఊపిరి ఎక్కడుందో విని, సూటిగా అటు తిరిగి వేలు చూపింది.

"బసన్న," అంది. పక్కనున్న అరుణకే వినపడింది. మళ్ళీ అంది, ఈసారి వీధి చివరికి వినపడేలా.

"రాసుకో మేడం. నన్ను కొట్టింది బసన్న!"