పాకంలో పడ్డ అచ్చక్షరాలు

పట్టపగలు, కాంపోస్ ఊరి బజారు నడిబొడ్డున, చెరకు తోటల దొర బ్యారన్ మనుషులు పత్రికాఫీసు మీద పడ్డారు. బానిసత్వం పోవాలని రాసే పత్రిక మరి! అరల్లో విడివిడిగా సర్దిన సీసపు అక్షరాలన్నీ నేలమీద కుప్పపోసి, మీద పీపాడు చెరకు పాకం గుమ్మరించారు. పోలీసు అధికారి ఎదురరుగు మీద చుట్ట కాలుస్తూ చూశాడు.

కొబ్బరి లౌజులమ్మే యులాలియా ఆఫీసు గుమ్మంలో కూలబడింది. బ్యారన్ తోటలో బానిసగా ఉన్న ఆమె తమ్ముడు క్రిస్పిన్‌ని నిన్ననే కొరడాలతో కొట్టి చంపారు. జ్వరమొచ్చి పోయాడని బ్యారన్ చాటించాడు. రేపటి పత్రికలో నిజం రాకపోతే ఆ జ్వరమే నిజమైపోతుంది.

"ఈ కుప్ప విడదీయాలంటే నెల పడుతుందక్కా," అన్నాడు పత్రిక నడిపే సెవెరో, తల పట్టుకుని.

"గవర్నరుగారికి అర్జీ పెట్టుకుందాం," అన్నాడు పక్కనున్న వకీలు.

"పెట్టుకో బాబూ! అది చేరేలోగా మావాళ్లు ఇంకో నలుగురు చస్తారు," బట్టలుతికే రోజా కస్సుమంది. "గింజల్లో రాళ్లేరే చేతులు, ఇవేరలేవా? తట్టలు పట్టండే!"

ఆడవాళ్లు, మూటలు మోసేవాళ్లు ఏటి ఒడ్డున అక్షరాలు కడిగారు. ఒక్కరికీ చదువు రాదు. ఒకేలా ఉన్నవాటిని ఒకచోట చేర్చారు.

"తోకున్నది ఇటెయ్యి!"

"నీ కళ్లు కాకులెత్తుకుపోను, బోర్లా పెట్టావే!"

సాయంత్రానికి చిన్న కాగితానికి సరిపడా తేలాయి. సెవెరో వాటిని వరసగా పేర్చి, చదివి వినిపించాడు: క్రిస్పిన్‌ని చంపింది బ్యారన్ మొంతాల్వన్, జ్వరం కాదు, కొరడా. అందరూ వెంట అన్నారు. తమ్ముడి పేరెక్కడుందో అడిగి, దానిమీద వేలు పెట్టి యులాలియా భోరుమంది.

రాత్రంతా అచ్చేసిన కట్టలు తెల్లారి గడప దాటకముందే పోలీసులొచ్చారు. కాగితాలు వీధిలో తగలబెట్టారు, సెవెరోకి సంకెళ్లేశారు.

"ఇప్పుడు చదువుకోండే!" అధికారి నవ్వాడు.

యులాలియా తట్ట నెత్తికెత్తుకుంది. రోజూ అమ్మే గొంతుతోనే, ఆ రాగంలోనే కేకేసింది.

"లౌజులమ్మా, లౌజులు! నా తమ్ముణ్ని చంపింది మొంతాల్వన్ బ్యారనమ్మా! జ్వరం కాదమ్మా, కొరడా!"

అధికారి ఆమెను జుట్టు పట్టి ఈడ్చి మూతిమీద కొట్టాడు. అంతలో పక్కవీధి నుంచి రోజా గొంతు. ఆ వెనక చేపలమ్మే మనిషి, "చేపలమ్మా, చేపలు! క్రిస్పిన్‌ని చంపింది..."

"ఎంతమందిని పడతావురా?" యులాలియా నెత్తురు ఉమ్మింది.

క్రిస్పిన్‌ని జ్వరంతో పోయాడని రాసిన చీటీతోనే పూడ్చారు. సెవెరో జైల్లోనే ఉన్నాడు. కేక మాత్రం అమ్మకందార్ల వెంట చెరకు తోటలు చేరింది. బ్యారన్ తోటలో పని గంట కొట్టారు. మళ్లీ కొట్టారు. కొడవలి ఎత్తినవాడు లేడు.