పూత మందు

మామిడి పూతకు మందు కొడుతూ సలోమోను చెట్టుకింద కూలిపోయి నురగ కక్కాడు. తోట గుత్తకు తీసుకున్న పెద్దిరాజు పైపు తీసి ఇంకొకడి చేతికిచ్చాడు.

"తాగింది దిగలేదు వీడికి. మీరు కానివ్వండి, పూత పోద్ది."

కబురందుకుని పరిగెత్తుకొచ్చింది ఊరి నర్సు లేయా. ఆటోలో నూజివీడు చేర్చి, సలోమోనును బతికించుకుంది. మూతికి గుడ్డ కట్టుకోండని ఏళ్ల తరబడి చెప్పింది ఆమే. ఎవరూ వినలేదు.

నూజివీడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే కీర్తిప్రియ ఆ వారమే సంగతి విని ఊళ్లోకి వచ్చింది. డ్రమ్ములో మందూ, బోరు నీళ్లూ పట్టుకెళ్లి పరీక్ష చేయించింది. రెండు విషాలు కలిపి కొట్టిస్తున్నారని, అవి నీళ్లలోకీ దిగాయని చెప్పింది. జనం రెప్ప వాల్చకుండా విన్నారు. సలోమోను భార్య సుసన్నా, ఎప్పుడూ లేయాకిచ్చే గ్లాసులో ఆ పిల్లకు టీ పోసింది. లేయాకు కడుపు రగిలిపోయింది.

పెద్దిరాజు ఆ మంట పసిగట్టి లేయా దగ్గరికి వచ్చాడు.

"నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల ముందు మీరు చిన్నబోవడం నాకే బాధగా ఉందండీ. తాగుడు వల్లేనని ఒక్క మాటనండి, చాలు."

ఆ మాట లేయా చెవికి తియ్యగానే తగిలింది.

చర్చి ముందు కూలీల మీటింగుకు పెద్దిరాజూ వచ్చాడు.

"నీళ్లలో మందుంటే ఉండొచ్చు. వీడు పడింది దానివల్లేనని రుజువేంటి?"

కీర్తిప్రియ తడబడింది. "నీళ్ల సంగతి నాకు తెలుసు. ఒంటి సంగతి లేయాగారే చెప్పాలండీ."

లేయాకు ఆ పిల్ల మొహాన పట్టిన చెమట చూస్తుంటే హాయిగా ఉంది. పక్కనే సలోమోను మంచినీళ్ల గ్లాసు ఎత్తబోయాడు. చెయ్యి వణికి నీళ్లన్నీ ఒళ్లో పడ్డాయి.

లేయా లేచింది.

"ఆరోజు వీడి కంటిపాప సూదిమొనంత అయిపోయింది. తాగినోడికి అలా అవదు. ఈవిడ చెప్పిన విషమే అది."

మర్నాడు పైపు ముట్టినవాడు లేడు. ఏం మందో చెప్పాలి, ముక్కుకూ చేతులకూ తొడుగులివ్వాలి, తాగే నీళ్లు వేరే తేవాలి అంటూ తోట గేటు దగ్గర బైఠాయించారు. మధ్యాహ్నానికి పోలీసు జీపు దిగింది. తోటలో చొరబడి మందు ఎత్తుకెళ్లిందని ఎస్సై కీర్తిప్రియ పేరు రాసుకోబోయాడు.

ఇక్కడా ఆవిడ పేరే ముందా అని లేయాకు మళ్లీ మండింది.

"తెమ్మన్నది నేనండీ," అంది. అది అబద్ధం. "నా పేరు ముందు రాయండి."

కీర్తిప్రియ ఆమె చెయ్యి పట్టుకుంది. లేయా విడిపించుకోలేదు.

సుసన్నా జీపుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"నా పేరు సుసన్నా. రాసుకోండి."

ఆమె వెనకాల, మందు కొట్టే చేతులన్నీ లేచాయి.